మామయ్యకు ఫ్లూ సూది మళ్లీ ఎందుకు?

ప్రశ్న: డాక్టరమ్మా, మాది తిరుపతి, కొర్లగుంట. మా మామకు 72 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయినారు. షుగరు ఉంది, నాలుగేళ్ల కింద గుండెకు స్టెంటు వేసినారు. అత్తమ్మకు 68. ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. 2020లో కరోనా భయానికి బెంగళూరులో ఉండే మా బావగారు పట్టుబట్టి ఇద్దరినీ ఫ్లూ టీకా వేయించుకోమంటే మామ ఒక్కరే వేయించుకున్నారు. ఆ రాత్రి ఆయనకు జ్వరం, ఒళ్లునొప్పులు. సూది వేసుకున్నందుకే జ్వరమొచ్చిందని అప్పట్నుంచి ఆ ఊసే వద్దంటారు. తరువాత కరోనా టీకా మూడు డోసులు వేసుకున్నారు. "ఇన్ని సూదులు వేసుకున్నా గదా, ఇంకా ఏం సూది?" అంటారు. టీకాలతో గుండెపోట్లు వస్తున్నాయని ఎవరో పంపిన వీడియోలు ఫోన్లో చూపిస్తారు. అత్తమ్మ అయితే ఆ మందులో కోడిగుడ్డు ఉంటుందని విన్నప్పటి నుంచి మాట ఎత్తనివ్వరు. పోయిన నెల ఒకటో తరగతి చదివే మా అబ్బోడికి జ్వరమొచ్చి, వాడి వెనకే ఇల్లంతా పడుకున్నాం. నిజంగా ఏటేటా వేయించాలా? ఎప్పుడు వేయించాలి, ఎంతవుతుంది? పిల్లోడికీ వేయించాలా?
— పేరు వేయవద్దు, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు మీ మామగారి మాట నుంచే మొదలుపెడతాను. ఆయనది మొండితనం అని మీరనుకుంటున్నట్టున్నారు. నాకట్లా అనిపించలేదు. నాలుగు సూదులు వేసుకున్న మనిషి అయిదోది ఎందుకని అడగాల్సిందే. ఆ మాటకు ఆయనకు ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు, అంతే.

కరోనా టీకా కరోనా వైరస్‌కే పనిచేస్తుంది. ఫ్లూ తెచ్చేది ఇన్‌ఫ్లుయెంజా వైరస్. రెండూ ముక్కులోంచి, గొంతులోంచే దిగుతాయి. రెండింటికీ జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులే. అందుకని మనకు రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ వాటికి ఒకదానితో ఒకదానికి చుట్టరికమే లేదు. ఒకదాని టీకా ఎన్ని డోసులు వేసుకున్నా రెండోదాన్ని ఆపదు.

ఇక ఏటేటా ఎందుకన్న ప్రశ్న. మీ మామగారు ఎన్నో ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టారు. గడువు దాటిన పాసు చూపించి ఎవరైనా ఎక్కబోతే ఊరుకున్నారా? "పాసు నాదే సార్, ఫొటో నాదే" అన్నా సరే, దించేసి ఉంటారు. 2020లో ఆయన వేసుకున్న సూదీ అట్లాంటిదే. అప్పటికి అది సరైన పాసు. ఇప్పుడు గడువు తీరింది. తీరడానికి కారణాలు రెండు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ తన పైతొడుగును కొంచెం కొంచెంగా మార్చుకుంటూ పోతుంది. పోయినేడు దాన్ని గుర్తుపట్టిన మన ఒళ్లు ఈ ఏడు గుర్తుపట్టలేకపోవచ్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, లోకంలో ఏ రకాలు తిరుగుతున్నాయో చూసి, టీకాలో ఏవి ఉండాలో కంపెనీలకు చెబుతుంది. ఇక రెండోది, టీకా ఇచ్చిన బలం నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. వయసు మీద పడినవాళ్లలో ఇంకా తొందరగా తగ్గుతుంది. వైరస్ ఏమీ మారకపోయినా సరే, ఏడాదికోసారి వేయించుకోవాల్సిందే.

ఈ పాసు మాట మీరు కాకుండా ఆయన తోటి కండక్టరు ఎవరైనా చెబితే ఇంకా బాగా ఎక్కుతుంది. రిటైరయినవాళ్లు సాయంత్రం ఎక్కడో ఒక చోట కలుస్తూనే ఉంటారు గదా.

2020 సంగతి కూడా కొంచెం చెప్పాలి. మీ ఇంట్లో మొదలైన తికమకకు మూలం అక్కడే ఉంది. ఆ ఏడు మార్చి 11న కరోనాను మహమ్మారిగా ప్రకటించారు. మార్చి 20 నుంచి కొండమీద భక్తులకు దర్శనం ఆపేశారు, మళ్లీ జూన్‌లోగానీ తెరవలేదు. గాంధీ రోడ్డులో పట్టపగలు కుక్కలు తప్ప మనుషులు కనబడని రోజులవి. కరోనాకు అప్పటికి టీకా లేదు. మన దేశంలో అది మొదలైందే 2021 జనవరి 16న, అరవై దాటినవాళ్లకు మార్చి 1 నుంచి. ఆ మధ్యకాలంలో నా దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు ఎంతమందో. "దానికి సూది లేదంటున్నారు, ఉన్న సూదైనా వెయ్యమ్మా" అని అడిగేవాళ్లు. అంతకుముందు పదేళ్లలో నేను వేసిన ఫ్లూ టీకాలకంటే ఆ ఒక్క వానాకాలంలో ఎక్కువ వేశాను. ఒక్కొక్కరికీ చెప్పేదాన్ని: "ఇది కరోనాను ఆపదు. కానీ ఈ సమయంలో మీకు ఫ్లూ వస్తే అది ఏ జ్వరమో తెలియక అల్లాడతాం. ఆసుపత్రిలో మంచం దొరకదు. రెండూ ఒకేసారి వస్తే మీ ఊపిరితిత్తులు తట్టుకోలేవు. అందుకోసం వేస్తున్నా." కొందరు విన్నారు. చాలామంది మాత్రం కరోనా సూదికి తమ్ముడి సూది అనుకునే వేసుకుని పోయారు. అసలు సూది వచ్చాక తమ్ముణ్ణి మర్చిపోయారు. మీ మామగారు ఒక్కరే కాదు, నా దగ్గర ఆ ఏడు వేయించుకున్న పెద్దల్లో సగానికి పైగా మళ్లీ ఆ పని మీద రాలేదు.

ఇంకో చిత్రం కూడా జరిగింది. ఆ ఏడు ఫ్లూ దాదాపు రాలేదు. మాస్కులు, మూసిన బడులు, ఆగిన రైళ్లు, చేతులు కడగడం, ఇవన్నీ కరోనా కోసం చేసినవే అయినా ఫ్లూను ఇంకా గట్టిగా కొట్టాయి. యమగాటా అనే ఒక ఫ్లూ వైరస్ రకం 2020 మార్చి తరువాత ప్రపంచంలో ఎక్కడా ఖాయంగా కనబడనే లేదు. అందుకే ఇంతకుముందు నాలుగు రకాల వైరస్‌ల మీద తయారయ్యే టీకా నుంచి దాన్ని తీసేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. ఇప్పుడు మీకు మందుల షాపులో మూడు రకాల టీకా ఇస్తే, అంతకుముందు నాలుగు ఉండేవి గదా, తక్కువ సరుకు అంటగడుతున్నారేమో అనుకోవద్దు. తీసేసిన ఆ నాలుగోది తిరగడమే లేదు.

మిగతావి మాత్రం తిరిగొచ్చాయి. 2023 మొదట్లో దేశమంతా హెచ్‌3ఎన్‌2 జ్వరాలు, వారాల తరబడి వదలని దగ్గు గుర్తున్నాయి గదా. 2009లో మహమ్మారిగా వచ్చి, హైదరాబాదులో మొదటి కేసు బయటపడి మనల్ని వణికించిన స్వైన్‌ఫ్లూ, హెచ్‌1ఎన్‌1, అదీ ఎక్కడికీ పోలేదు. మామూలు ఫ్లూ జ్వరాల్లో కలిసిపోయి ఏటా వస్తూనే ఉంది, ఏటా టీకాలో దానికీ చోటుంది.

ఇప్పుడు గుండె మాట. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. స్టెంటు వేసిన మనిషి గుండెకు భయపడి ఫ్లూ టీకా వద్దంటున్నారు. భయం తప్పు కాదు, తప్పు దిక్కుకు పోయింది. కెనడాలోని అంటారియో రాష్ట్రంలో చేసిన ఒక పరిశీలన 2018లో అచ్చయింది. ఫ్లూ అని పరీక్షలో తేలిన మొదటి ఏడు రోజుల్లో గుండెపోటు వచ్చే అవకాశం, అదే మనుషులకు మిగతా రోజుల్లో ఉన్నదానికంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువని అందులో తేలింది. జ్వరంలో గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఒళ్లంతా వాపుగుణం పెరిగి రక్తం గడ్డకట్టే స్వభావం ఎక్కువవుతుంది. రక్తనాళంలో ఇదివరకే పేరుకున్న కొవ్వు పూత అప్పుడు చిట్లుతుంది. టీకా సంగతి చూడండి: గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవాళ్లకే కొందరికి ఫ్లూ టీకా, కొందరికి ఉత్త సెలైన్ సూది వేసి ఏడాదిపాటు గమనించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. టీకా వేసుకున్నవాళ్లలో చావులు తక్కువ. గుండెపోటు వచ్చి మంచం మీద ఉన్నవాళ్లకు మేలు చేసిన సూది, నాలుగేళ్ల కింద స్టెంటు వేయించుకుని మార్కెట్టుకు నడిచిపోయి వస్తున్న మనిషి గుండెకు కీడు చేస్తుందా?

కరోనా టీకాలకు కొన్ని అరుదైన దుష్ఫలితాలు ఉన్నమాట వాస్తవం. వాటి గురించి మీ మామగారు అడిగితే విడిగా మాట్లాడతాను. కానీ ఇది ఆ టీకా కాదు. దాదాపు ఎనభై ఏళ్లుగా కోట్లమంది పెద్దలు వేయించుకుంటున్న టీకా. దీనిలోనూ అసలు ముప్పే లేదని చెప్పను. నరాలు చచ్చుబడే గిలాన్ బారీ జబ్బు, పది లక్షల మందిలో ఒకరిద్దరికి, దీని తరువాత రావచ్చు. అదే జబ్బు ఫ్లూ వచ్చినా రావచ్చు.

మా నాయన సంగతి చెప్తాను. పలమనేరులో ఉండేవారు. అప్పటికి 74 ఏళ్లు, స్టెంటు ఉంది, మీ మామగారి లాగానే. నా దగ్గరికొచ్చే పెద్దలందరికీ టీకా గురించి చెప్పేదాన్ని. ఆయనకు మాత్రం వచ్చే ఆదివారం, పండగ పోనీ, ఈసారి ఊరికి వచ్చినప్పుడు అంటూ వాయిదా వేశాను. కార్తీకమాసం, నాలుగు రోజులుగా ముసురు. జ్వరం, దగ్గు. నాలుగో రోజు తెల్లవారుజామున ఛాతీ పట్టుకున్నారు. అంబులెన్సులో చిత్తూరు దాటి తిరుపతికి వస్తుంటే పక్కన కూర్చుని ఆయన మణికట్టు పట్టుకునే ఉన్నాను. నాడి ఒకసారి అందేది, ఒకసారి అందేది కాదు. కాణిపాకం రోడ్డు మలుపు దగ్గర "అమ్మణ్ణీ, చలేస్తా ఉంది" అన్నారు. నా చున్నీ తీసి కప్పాను. బతికారు. కానీ ఆ తరువాత మామిడితోట దాకా నడిచి పోలేకపోయారు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. టీకా వేసి ఉంటే ఇది జరిగేది కాదని నేను ప్రమాణం చేయలేను. వేయలేదన్న మాట మాత్రం ఈరోజుకీ నన్ను వదలదు. అందుకే మీలాంటి ఉత్తరం వస్తే ఇంత పొడుగ్గా రాస్తాను.

సూది వేసుకున్న రాత్రి జ్వరం వచ్చిందన్నారు. నిజమే అయి ఉంటుంది. ఈ టీకాలో ఉండేది చంపిన వైరస్, దాన్ని కూడా ముక్కలు చేసి వేస్తారు. అది ఒంట్లో పెరగలేదు, ఫ్లూ తేలేదు. ఒళ్లు ఆ ముక్కలను చూసి పనిలోకి దిగినప్పుడు వెచ్చబడటం, చెయ్యి నొప్పి, ఒళ్లు బరువు, ఒకటి రెండు రోజులు ఉంటాయి. పారాసిటమాల్ ఒకటి వేసుకుంటే సరిపోతుంది. ఆయన్ను ఒక్క మాట అడగండి: ఆ జ్వరం ఎన్ని రోజులుంది? ఒకటి రెండు రోజుల్లో పోయి ఉంటే అది సూది జ్వరం. ముక్కు కారి, దగ్గు వారం పైన సాగి ఉంటే అది అప్పటికే ఎక్కడో అంటుకున్న ఇంకో వైరస్. టీకా బలం రావడానికి రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాల్లో ఏ జ్వరమొచ్చినా నింద సూది మీదే పడుతుంది.

ఆయనకు స్టెంటు ఉంది గాబట్టి రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటూ ఉంటారు. అవి ఆపకూడదు. సూది వేసేవాళ్లకు ముందే చెప్పండి. సన్న సూదితో వేసి, రుద్దకుండా, రెండు మూడు నిమిషాలు దూదితో గట్టిగా అదిమి పట్టుకుంటే చాలు.

అత్తమ్మ మాటకు వస్తాను. ఆమెకు అబద్ధం చెప్పి వేయించాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. తరువాత తెలిస్తే ఆమెకు మీ మీద నమ్మకం పోతుంది, నా మీద కూడా. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మనకు మామూలుగా దొరికే ఫ్లూ టీకాలకు వైరస్‌ను పొదిగే కోడిగుడ్డులోనే పెంచుతారు. రెండు మూడు రోజులు పెరిగాక ఆ గుడ్డులోని నీటిని తీసి, వైరస్‌ను వేరుచేసి, చంపి, ముక్కలు చేసి, శుభ్రం చేస్తారు. చివరికి మిగిలేది అర మిల్లీలీటరు మందు. గుడ్డు తాలూకు మాంసకృత్తి అందులో మైక్రోగ్రాముల లెక్కన జాడగా మాత్రమే ఉంటుంది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. నోటితో తినేది కాదు, నాలుకకు తగిలేది కాదు. కానీ జాడ ఉందన్నది నిజం, దాన్ని దాచను.

తిరుపతిలో ముప్పై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఆచారం ఉన్న ఇళ్లలో ఈ మాట నాకు కొత్త కాదు. మాడవీధుల దగ్గర ఉండే ఒక పెద్దావిడ, పేరు చెప్పను, మడికట్టుకుంటే ఎవరినీ తాకనివ్వని మనిషి, ఈ విషయం మీద రెండేళ్లు ఆలోచించింది. ఆమె నన్నడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "తినడానికి చేశారా, మందుకు చేశారా?" మందుకే నమ్మా అన్నాను. "ఔషధం జాహ్నవీ తోయం", అంటే మందు గంగాజలంతో సమానం, అని చిన్నగా అనుకుని, కుడిచేతి కొంగు తీసి చెయ్యి చూపించింది. మీ అత్తమ్మ కూడా అట్లాగే ఒప్పుకోవాలని కాదు. ఆమె గౌరవించే పెద్దలు ఎవరైనా, పురోహితులో, గురువులో, ఉంటే వాళ్లనే అడగమనండి. డాక్టరు మాటకంటే వాళ్ల మాట ఈ విషయంలో ఆమెకు నెమ్మది ఇస్తుంది.

అప్పటికీ వద్దంటే బలవంతం వద్దు. ఆమె ఒళ్లు, ఆమె నిష్ఠ. అప్పుడు ఇంట్లో మిగతావాళ్లందరూ వేయించుకోండి. ఆమెకు ఫ్లూ వస్తే ఎక్కడి నుంచి వస్తుంది? ఇంట్లో పిల్లోడి నుంచి, లేదా గుడి జనం నుంచి. ఇది దేశంలోని అన్ని మూలల జనం వచ్చిపోయే ఊరు. కొండకు రోజుకు అరవై డెబ్బై వేలమంది వస్తారు, బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి ఇంకా జాస్తి. ఏ రాష్ట్రంలో జ్వరాలు లేచినా మనకు బస్టాండులో దిగుతాయి. గోవిందరాజస్వామి గుడికి పోయేటప్పుడు, ఫ్లూ జ్వరాలు లేచే నెలల్లో మాస్కు పెట్టుకోమనండి. కరోనా రోజుల్లో ఎంత నచ్చకపోయినా పెట్టుకున్నారు గదా, చేయి తిరిగిన పనే. మిరియాల కషాయం మానమని మాత్రం నేను చెప్పను. గొంతుకు హాయిగా ఉంటుంది, వెచ్చని నీళ్లు కడుపులోకి పోతాయి. వైరస్‌ను ఆపుతుందని మాత్రం నమ్ముకోవద్దు.

ఎప్పుడు వేయించాలంటే, మన దేశంలో ఎక్కువచోట్ల ఫ్లూ వానలతో లేస్తుంది, చలికాలం చివర మళ్లీ ఒకసారి తల ఎత్తుతుంది. మన తిరుపతికి వానలు రెండు దఫాలు. నైరుతి వానలు ఒక మోస్తరుగా పోయాక, అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం వాయుగుండాలతో అసలు వాన వస్తుంది. 2021 నవంబరులో కపిలతీర్థం దగ్గర నీళ్లు ఎట్లా దూకాయో మీరూ చూసే ఉంటారు. అందుకని ఏప్రిల్ నుంచి జూన్ లోపల వేయించడం మేలు. ఆ సమయానికి దక్షిణార్ధగోళం కోసం చేసిన కొత్త టీకా దొరుకుతుంది. తప్పిపోతే మానేయకండి, సెప్టెంబరైనా అక్టోబరైనా వేయించండి. పెట్టె మీద ఏ సంవత్సరానిదో, గడువు తేదీ ఏమిటో రాసి ఉంటుంది. షాపులో ఉన్న వాటిలో అన్నిటికంటే కొత్తది అడగండి. పాత స్టాకు అంటగట్టబోతే తీసుకోవద్దు.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీకాల పట్టికలో పెద్దలకు ఫ్లూ టీకా లేదు. కొనుక్కోవాల్సిందే. కంపెనీని బట్టి మారినా, రమారమి పదిహేను వందల నుంచి రెండు వేల దాకా అవుతుంది. పింఛను మీద బతికే ఇంట్లో ఇద్దరికి నాలుగు వేలు అంటే చిన్న మాట కాదని నాకు తెలుసు. ప్రభుత్వం దీన్ని అరవై దాటిన షుగరు, గుండె, ఆస్తమా రోగులకైనా ఉచితంగా ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను. అది జరిగేదాకా, ఒక్కరికే డబ్బు కుదిరితే ముందు మీ మామగారికి.

మందు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఎక్కువ వేడి తగిలినా పాడే, గడ్డకట్టినా పాడే. మే నెల మధ్యాహ్నం ఒకాయన లీలామహల్ వైపు నుంచి స్కూటరు మీద, పల్చటి ప్లాస్టిక్ కవరులో టీకా పెట్టె హ్యాండిల్‌కు తగిలించుకుని వచ్చాడు. పెట్టె ముట్టుకుంటే వెచ్చగా ఉంది. ఇంకొకరు జాగ్రత్తగా ఉంచాలని రాత్రంతా ఇంటి ఫ్రిజ్‌లో ఫ్రీజర్ అరలో పెట్టి, పొద్దున కరిగాక తెచ్చారు. చూడ్డానికి అందులో ఏ తేడా ఉండదు, మామూలు నీళ్ల మందులాగే ఉంటుంది. రెండూ పారేయాల్సి వచ్చింది. ఇద్దరి డబ్బూ పోయింది, నా మనసూ చివుక్కుమంది. టీకాను తమ దగ్గరే ఫ్రిజ్‌లో ఉంచి వేసే క్లినిక్కుకో ఆసుపత్రికో పోండి. కరెంటు పోతే ఏం చేస్తారని అడగడానికి మొహమాటపడకండి. తప్పక షాపులో కొనాల్సి వస్తే చల్లటి పెట్టెలో పెట్టించుకోండి, మందు నేరుగా ఐసుకు తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టి, దారిలో ఎక్కడా ఆగకుండా తేవాలి.

ముక్కులో కొట్టే ఫ్లూ టీకా కూడా ఒకటుంది. అది బతికున్న వైరస్‌ను బలహీనపరచి చేసింది, వయసు మీద పడినవాళ్లకు కాదు. మీ మామగారికి చేతికండకు వేసే సూదే. ఆరోజు గట్టి జ్వరం ఉంటే వాయిదా వేయండి, ఊరికే ముక్కు కారుతుంటే ఫరవాలేదు. ఇంతకుముందు ఫ్లూ టీకాకు ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటివి వచ్చినా, వేసుకున్న ఆరు వారాల్లో కాళ్లు చేతులు చచ్చుబడినా డాక్టరుకు చెప్పకుండా వేయించకూడదు. ఒక్కరాత్రి జ్వరం ఆ కోవలోకి రాదు. కరోనా టీకాకూ దీనికీ పద్నాలుగు రోజులు ఎడం ఉండాలని మొదట్లో మనకు చెప్పేవారు. తరువాత ఒకేరోజు రెండు చేతులకు వేయవచ్చని 2021లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. న్యుమోనియా టీకా విషయం కూడా అంతే. అది మీ మామగారికి వేయించారా? లేకపోతే ఈసారి పోయినప్పుడే అడగండి.

ఇంత చెప్పాక ఒకటి దాచకూడదు. ఈ సూది వేసుకుంటే ఇక జలుబే రాదని ఆయనకు మాటివ్వకండి. జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి, వాటికి ఇది పనిచేయదు. ఫ్లూకైనా, టీకా బాగా కుదిరిన సంవత్సరంలో డాక్టరు దాకా పోవాల్సిన ఫ్లూను నూటికి నలభై నుంచి అరవై వంతులు తగ్గిస్తుంది, ముసలివాళ్లలో అంతకంటే తక్కువే. మనం దీని నుంచి ఆశించేది ఒక్కటే, వచ్చినా ఆసుపత్రి మంచం దాకా పోకుండా ఉండటం. పోయిన నెల పిల్లోడి వెనకే పడుకున్నామన్నారు. అదే ఆయనకు ఊపిరితిత్తులదాకా దిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

అందుకే టీకా వేసినా వేయకపోయినా ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్లకు ఫ్లూ వస్తే ఒక్కోసారి జ్వరమే కనబడదు. చంద్రగిరి దగ్గర నుంచి ఒక అవ్వను తీసుకొచ్చారు. సంగటి ముద్ద ముందు పెట్టుకుని కూర్చుని తినకుండా లేచిపోతుందట, కొడుకును వేరే పేరుతో పిలుస్తుందట, తెల్లారి స్నానాల గదిలో జారిందట. వయసు మీద పడింది, మతి తప్పుతోంది అనుకున్నారు వాళ్లు. ఒళ్లు చల్లగానే ఉంది. వేలికి మిషను పెడితే ఆక్సిజన్ 86కు పడిపోయి ఉంది. పరీక్షలో ఫ్లూ. కాబట్టి తిండి మానడం, మాట తేడా రావడం, కొత్తగా పడిపోవడం, ఆయాసం, షుగరు ఉన్నట్టుండి పెరగడం, వీటిలో ఏది కనబడినా మూడు రోజులు చూద్దాం అనుకోకండి. ఒసెల్టామివిర్ అనే మందు ఉంది, మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. డాక్టరు రాస్తేనే వాడాలి. షాపులో అడిగి తెచ్చే యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు.

ఇక మీ అబ్బోడు. వాడికి తప్పక వేయించండి. బడి నుంచి ఫ్లూను ఇంటికి మోసుకొచ్చేది వాడే. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి అయితే రెండు డోసులు, కనీసం నాలుగు వారాల ఎడంతో. తరువాత ఏడాదికొకటి చాలు. మీరు, మీ ఆయన కూడా వేయించుకుంటే మంచిది. తాతకూ మనవడికీ ఒకే రోజు పెట్టుకోండి. పొద్దున పూట, ఏదైనా తిని, పైకి మడవడానికి వీలైన చొక్కా వేసుకుని రమ్మనండి. వేశాక ఇరవై నిమిషాలు అక్కడే కూర్చోవాలి. పిల్లోణ్ణి తాత ఒళ్లో కూర్చోబెట్టి, వాడి చెయ్యి ఆయన్నే పట్టుకోమనండి. వాడు ఏడవకుండా చూసుకునే పనిలో పడి, ఆయనే ముందు తన చెయ్యి చాపుతారు.